అడవి ఎండిపోతున్నప్పుడు పురుగు పాత్రను తేల్చుకోవడం: సమస్య - పరిష్కారం

ఎండిన చెట్టు బెరడు ఊడదీస్తే లోపల పురుగు కనబడుతుంది. కారణం దొరికిందని అక్కడితో విచారణ ఆపివేసి, మందుకో గొడ్డలికో పూనుకోవడం అడవుల నిర్వహణలో తరచుగా జరిగే పొరపాటు. చెట్టు చావు వెనుక మూడు అంచెల కారణాలుంటాయని అమెరికన్ వృక్షరోగ శాస్త్రవేత్త పాల్ మానియన్ 1981లో ప్రతిపాదించాడు. తగని నేల, కిక్కిరిసిన పెంపకం, ముదిమి వంటివి చెట్టును ఏళ్ల తరబడి బలహీనపరుస్తాయి. అనావృష్టి, తీవ్రమైన మంచు, ఆకులన్నీ ఒక్కసారిగా పోవడం వంటివి దాన్ని హఠాత్తుగా దెబ్బతీస్తాయి. అలా కుంగిన చెట్టును బెరడు పురుగులు, వేరుకుళ్లు కలిగించే శిలీంధ్రాలు చివరకు చంపుతాయి. పురుగు ఎక్కువగా ఈ మూడవ అంచెలోనే ఉంటుంది, ఆకులు తినే జాతులైతే రెండవ అంచెలో ఉంటాయి, బయటి ఖండం నుంచి వచ్చిన పురుగైతే మొదటి రెండు అంచెలతో పని లేకుండానే చెట్టును చంపగలదు. కనుక కింది లక్షణాల్లో ప్రతిదానికీ ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: పురుగు రాకముందు ఈ చెట్టు ఆరోగ్యంగా ఉందా?

లక్షణం: సూదుల్లాంటి ఆకులుండే పైన్, స్ప్రూస్ చెట్లు గుంపులు గుంపులుగా ఎర్రబారి ఎండిపోతున్నాయి

కాండం మీద పెన్సిల్ మొనంత రంధ్రాలు, బెరడు పగుళ్లలో గోధుమరంగు పొట్టు, అక్కడక్కడా గడ్డకట్టిన జిగురు ముద్దలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఇది బెరడు పురుగుల పని. జిగురు ముద్ద తెల్లగా, మధ్యలో చచ్చిన పురుగుతో ఉంటే చెట్టు తనను తాను కాపాడుకున్నట్టు. పొట్టు కలిసి ఎర్రగా ఉంటే పురుగు లోపలికి చేరినట్టు. అనుమానం ఉన్నచోట బెరడును అరచేయంత మేర కోసి చూస్తే సొరంగాల ఆకృతి కనిపిస్తుంది: యూరప్ స్ప్రూస్ బెరడు పురుగు విషయంలో తల్లి పురుగు తవ్విన దారి నిలువుగా సాగుతుంది, దానికి ఇరువైపులా పిల్ల పురుగుల సన్నని దారులు అడ్డంగా, పోనుపోను వెడల్పవుతూ చీలుతాయి.

చెట్టు చనిపోయేది పురుగు చెక్కను తినడం వల్ల కాదు. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగే మార్గం బెరడు కిందనున్న పలుచని పొర. వందలాది పురుగులు ఆ పొరను చుట్టూ తొలిచేస్తే వేళ్లకు ఆహారం అందదు. పైగా పురుగులు తమ వెంట తెచ్చే నీలిమరక శిలీంధ్రాలు చెక్కలోకి పాకి, పైకి వెళ్లే నీటినీ అడ్డుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఒత్తిడితో జిగురు చిమ్మి పురుగును బయటకు నెట్టగలదు. నీటి కొరత ఉన్న చెట్టులో ఆ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు లోపలికి చేరిన మొదటి పురుగులు ఫెరమోన్ వాసనతో మిగతావాటిని పిలుస్తాయి. పురుగుల సంఖ్య ఒక హద్దు దాటితే మాత్రం పరిస్థితి తలకిందులవుతుంది: బలహీనమైన చెట్లు అయిపోయాక అవి బలమైన చెట్ల మీద కూడా మూకుమ్మడిగా పడి గెలవగలవు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1990లలో మొదలైన పర్వత పైన్ పురుగు విజృంభణ సుమారు 1.8 కోట్ల హెక్టార్లకు విస్తరించింది. అక్కడ వెనుకటి కాలంలో మైనస్ 40 డిగ్రీల దగ్గరకు దిగే శీతాకాలాలు పిల్ల పురుగులను చంపి సంఖ్యను అదుపులో ఉంచేవి. చలి తగ్గింది, దశాబ్దాల పాటు మంటలను ఆర్పుతూ రావడం వల్ల ఒకే వయసు ముదిరిన పైన్ చెట్లు విరివిగా పెరిగి ఉన్నాయి. ఈ రెండూ కలవకపోతే అదే పురుగు ఎప్పటిలాగే అడవిలో ఒక మూల ఉండేది.

పరిష్కారంలో కాలమే కీలకం. పైన్ చెట్టు ఎర్రబారేది దాడి జరిగిన మరుసటి ఏడాది. అప్పటికి కొత్త తరం పురుగులు ఎగిరిపోయి ఉంటాయి. ఎర్రని చెట్టును నరికినందువల్ల పురుగు తగ్గదు. దాని పక్కన ఇంకా పచ్చగా ఉండి, కాండం మీద కొత్త పొట్టు రాలుతున్న చెట్టును గుర్తించి, లోపలి పురుగు రెక్కలు తొడగకముందే నరికి, అడవి నుంచి తరలించడమో అక్కడే బెరడు ఒలవడమో చేయాలి. వేసవి వేడిలో స్ప్రూస్ పురుగు కొన్ని వారాల్లోనే కొత్త తరాన్ని బయటకు పంపుతుంది కనుక నెలకొకసారి చేసే తనిఖీ చాలదు. గాలివానకు పడిపోయిన తాజా స్ప్రూస్ మానులను వచ్చే వేసవికి ముందే బెరడు తీయడం నివారణలో మొదటి మెట్టు. ఫెరమోన్ బుట్టలు పురుగుల రాకను తెలుసుకోవడానికి బాగా ఉపయోగపడతాయి, కానీ విజృంభణ మొదలైన తర్వాత వాటితోనే సంఖ్యను తగ్గించవచ్చని ఆశించకూడదు. నిలిచే పరిష్కారం చెట్లను పలుచన చేయడంలో, ఒకే జాతి ఒకే వయసు తోటలను మిశ్రమ అడవిగా మార్చడంలో ఉంది. 2018 అనావృష్టి తర్వాత చెక్ రిపబ్లిక్, జర్మనీలలో కూలిన స్ప్రూస్‌లో చాలా భాగం ఆ చెట్టుకు తగని పల్లపు, వెచ్చని నేలల్లో మనుషులు నాటినదే.

కలప అవసరం లేని రక్షిత ప్రాంతంలో ఏమీ చేయకపోవడం కూడా సరైన నిర్ణయం కావచ్చు. బవేరియా అటవీ జాతీయ పార్కులో 1983 గాలివాన తర్వాత పడిన చెట్లను తొలగించకుండా వదిలేశారు. తర్వాతి కాలంలో బెరడు పురుగు వేల హెక్టార్ల స్ప్రూస్‌ను చంపింది, ఆ మోడుల కింద కొత్త అడవి దానంతటదే లేచింది. పురుగు విజృంభణనూ అడవి నాశనాన్నీ ఒకటిగా లెక్కించకూడదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

లక్షణం: చెట్లు ఉన్నట్టుండి ఆకుల్లేకుండా నిలిచాయి, ఈనెలు మాత్రమే మిగిలాయి

ఇది గొంగళి పురుగుల పని. ఏ జాతి అన్నది ఆకు చూసి కొంతవరకు చెప్పవచ్చు. టేకులో రుతుపవనాల తొలి వానలకు వచ్చే లేత ఆకును పెద్ద ఈనెలు తప్ప పూర్తిగా తినేది ఒక పురుగు. వానాకాలం ముగిసే వేళ ముదురు ఆకులో పచ్చదనాన్ని గీకి సన్నని ఈనెల వలను కూడా మిగిల్చేది మరొకటి. మొదటిది చెట్టును చంపడం అరుదు, అయినా నష్టం చిన్నది కాదు: కేరళలోని నిలంబూరు టేకు తోటల్లో జరిగిన అధ్యయనంలో, ఆకు తినే పురుగు వల్ల కలప పెరుగుదలలో 44 శాతం కోల్పోతున్నట్టు తేలింది.

ఆకు రాల్చే జాతుల చెట్టు ఒక ఏడాది ఆకులన్నీ పోయినా వేళ్లలోని నిల్వతో మళ్లీ చిగురిస్తుంది. ఈ స్థితిలో మందు చల్లడానికి తొందరపడకూడదు. అన్ని పురుగులనూ చంపే మందు ఆ గొంగళి పురుగులను తినే పరాన్న కందిరీగలనూ చంపుతుంది, మరుసటి ఏడాది దాడి మరింత పెరగవచ్చు. వరుసగా రెండు మూడేళ్లు ఆకులు పోయినా, అదే ఏడాది అనావృష్టి తోడైనా నిల్వ అడుగంటి, బెరడు పురుగులకూ వేరుకుళ్లుకూ దారి తెరుచుకుంటుంది, అప్పుడు జోక్యం అవసరం. ఆకుల్లోనే ఎక్కువ నిల్వ ఉంచుకునే పైన్, స్ప్రూస్ వంటివాటిలో ఒక్కసారి పూర్తిగా ఆకులు పోయినా చెట్టు చనిపోవచ్చు. జోక్యం చేసుకోవలసి వస్తే పురుగులు చిన్నవిగా ఉన్నప్పుడే బ్యాసిలస్ థురింజియెన్సిస్ బాక్టీరియా మందునో, ఆ జాతికే ప్రత్యేకమైన వైరస్‌నో వాడాలి; టేకు పురుగు కోసం అటువంటి వైరస్‌ను కేరళ అటవీ పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసింది. పురుగు పెద్దదైన తర్వాత చల్లిన మందు వృథా.

లక్షణం: చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టు కుప్పగా పోసి ఉంది, పైన కొమ్మలు ఎండుతున్నాయి

సాల చెట్టు, అంటే మన గుగ్గిలం చెట్టు, అయితే చేవ తొలిచే పెంకుపురుగును అనుమానించాలి. తొలకరికి బయటకు వచ్చిన తల్లి పురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు పై చెక్కను తిని చేవలోకి దిగుతాయి. గట్టి చెట్టులో మొదటి పురుగులు గుగ్గిలంలో చిక్కి చనిపోతాయి. పొట్టు ఎంత ఎత్తున పోసి ఉంది, జిగురు ఇంకా కారుతోందా, తల ఎండిందా అన్నవి చూసి చెట్లను వర్గీకరించాలి. బతికే అవకాశం ఉన్న చెట్టును పొట్టు కనబడినంత మాత్రాన నరకడం అడవికి రెండవ నష్టం. 1990ల చివర మధ్యప్రదేశ్ సాల అడవుల్లో ఈ పురుగు విజృంభించి లక్షల చెట్లను నష్టపరిచింది.

దీనికి బాగా పనిచేసే పద్ధతి ఎర చెట్టు. వానాకాలం మొదట్లో పనికిరాని కొన్ని చెట్లను పడగొట్టి, దుంగలుగా కోసి, చివరల బెరడును దంచితే కారే రసం వాసనకు తల్లి పురుగులు దూరం నుంచి వచ్చి వాలతాయి, కూలీలు వాటిని రోజూ చేత్తో ఏరి చంపుతారు. రసం ఆరగానే కొత్త దుంగ పెట్టాలి. పాత దుంగలను అక్కడే వదిలేస్తే వాటిలోనే గుడ్లు పెరిగి, ఎర కాస్తా పురుగుల పెంపకం అవుతుంది.

లక్షణం: ఒకే జాతి చెట్లు బలమైనవీ బలహీనమైనవీ తేడా లేకుండా చస్తున్నాయి

అనావృష్టి సాధారణంగా ఒక్క జాతికే పరిమితం కాదు. అడవిలో మిగతా చెట్లు పచ్చగా ఉండి ఒక్క జాతే పోతుంటే పరాయి పురుగునో, పురుగు మోసుకొచ్చిన పరాయి శిలీంధ్రాన్నో అనుమానించాలి. 2002లో అమెరికాలోని డెట్రాయిట్ పరిసరాల్లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ (యాష్ అనే జాతి చెట్లను తొలిచే పెంకుపురుగు) ఆసియా నుంచి వచ్చినది. ఆసియాలోని యాష్ జాతులు దానితో కలిసి పరిణమించినందున తట్టుకుంటాయి, ఉత్తర అమెరికా జాతులకు ఆ రక్షణ లేదు. తల పలుచబడటం, కాండం నుంచి కొత్త చిగుళ్లు రావడం, వడ్రంగిపిట్టలు బెరడు చెక్కిన లేత మచ్చలు, ఒకవైపు చదునుగా మరోవైపు గుండ్రంగా ఉండే అర్ధచంద్రాకారపు చిన్న రంధ్రాలు దీని గుర్తులు. ఆ రంధ్రాలు కనబడేసరికి పురుగు ఆ ప్రాంతంలో చేరి కొన్నేళ్లవుతుంది.

ఇక్కడ చెట్లను పలుచన చేసి, నేలను బాగుచేసి ప్రయోజనం లేదు. వంటచెరకునూ నారునూ ఒక ప్రాంతం దాటనివ్వకపోవడం, ప్యాకింగ్ చెక్కను అంతర్జాతీయ నియమం ప్రకారం లోపలి భాగం వరకు 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేయడం అన్నిటికంటె ఎక్కువ ఫలితమిస్తాయి. కాండంలోకి ఎక్కించే మందు వీధి చెట్టును కాపాడగలదు, అడవిని కాపాడలేదు. ఆసియా నుంచి తెచ్చిన పరాన్న కందిరీగలను 2007 నుంచి అమెరికాలో వదులుతున్నారు. అంతటి చావులోనూ బతికి మిగిలిన చెట్లను నరకకుండా గుర్తుపెట్టి, వాటి విత్తనాలను, అంటుకొమ్మలను భద్రపరచడం చాలామంది మరచిపోయే పని. తట్టుకునే తరం ఏదైనా వస్తే వాటి నుంచే రావాలి.

లక్షణం: పెద్ద చెట్లు బాగానే ఉన్నాయి, కింద మొలకలు లేవు

మేత, నీడ, మంటలు కారణం కాదని తేలితే పురుగులు లేకపోవడాన్ని కూడా విచారించాలి. పూత బాగుండి కాయ నిలవకపోతే పరాగసంపర్కం చేసే కీటకాలు కరువయ్యాయేమో చూడాలి. జర్మనీలోని రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో వెలువడిన అధ్యయనం చూపింది. కుళ్లే చెక్కను నేలలో కలపడంలోనూ వాటి పాత్ర పెద్దది: ప్రపంచంలో ఎండు చెక్క నుంచి విడుదలయ్యే కార్బన్‌లో సుమారు 29 శాతం కీటకాల ప్రమేయంతో వెలువడుతుందని 2021 నాటి మరో అధ్యయనం అంచనా వేసింది.

పరిష్కారం అడవి అంచున మందుల వాడకం తగ్గించడం, పూసే పొదలను, ఎండు మానులను ఉంచడం. ఎండు మానులను ఉంచితే బెరడు పురుగులు వస్తాయన్న భయం పాత మోడుల విషయంలో నిరాధారం, ఎందుకంటే ఆ పురుగులకు తాజా బెరడు కింది తడి పొర కావాలి. తాజాగా పడిన మానైతే బెరడును నిలువునా గీతలు పెట్టి వదిలితే చాలు. ఆ పొర ఎండిపోయి బెరడు పురుగులు పెరగలేవు, చెక్కలో బతికే మిగతా కీటకాలకు ఇల్లు మిగులుతుంది.