చలి రాత్రికి సీసాడు వేడినీళ్లు
నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంప్ ట్రెక్కింగ్ దారి రద్దీ వద్దనుకుని ఖోప్రా డాండా అనే కొండగట్టుకు వెళ్లాం. ఎత్తు 3,600 మీటర్ల పైనే. ఎదురుగా ధౌళగిరి శిఖరం, ఎంత చూసినా తనివి తీరదు. రాత్రయితే మాత్రం రెండు రజాయిలు కప్పుకున్నా పాదాలు వెచ్చబడక నిద్ర పట్టదు.

పడుకోబోయే ముందు లాడ్జిలో లీటరు మరిగిన నీళ్లు అడిగి, ఒకే పొర ఉన్న స్టీలు సీసాలో పోసి మూత బిగించండి. తలకిందులు చేసి చూడండి, చుక్క కారకూడదు. మందపాటి ఉన్ని సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోండి. మాకు తెల్లవారుజాము దాకా గోరువెచ్చగానే ఉంది. పొద్దున అవే తాగేశాం, నీళ్ల ఖర్చు తప్పింది.

ఫ్లాస్కు పనికిరాదు, వేడి బయటికి రాదు. పల్చటి ప్లాస్టిక్ సీసా అయితే మెత్తబడి పక్కంతా తడిసిపోతుంది.