పాత మన్ను దించకుండా మిద్దెకు చౌడు ఎత్తొద్దు

పోయిన వారం రాత్రి గాలివాన గంటసేపు కూడా పడలేదు. మా పక్క ఊర్లో ఒక ఇంటి నడిమిల్లు కూలిపోయింది. ఉక్కకు తట్టుకోలేక ఇంటిల్లిపాదీ వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నారు. చినుకులు మొదలవగానే వసారాలోకి జరిగారే తప్ప లోపలికి పోలేదు. అందుకే ఈరోజు బతికున్నారు. లోపల కట్టేసిన రెండు మేకపిల్లలు మాత్రం మన్ను కింద పోయాయి. తెల్లారి చూడ్డానికి వచ్చిన వాళ్లంతా వాననే తిట్టుకుంటా పోయినారు. వానదేం తప్పు? అంతకు నాలుగు రోజుల ముందు తండ్రీ కొడుకులు కలిసి ఆ మిద్దె మీదికి అర ట్రాలీ చౌడు, అదే నీళ్లు దిగకుండా పైన పరిచే ఉప్పుమన్ను, ఎత్తారు. కింద పాత మన్ను పాత మన్నుగానే ఉంది.

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఇంకా మట్టి మిద్దెల్లో, అంటే దూలాల మీద మన్ను కప్పిన ఇళ్లల్లో, ఉంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నా. రోహిణి కార్తె ఎండల్లో మిద్దె సరిచేసుకుని మృగశిరకు సిద్ధంగా ఉండటం మనకు కొత్త కాదు. ఒకప్పుడు ఈ పని తెలిసిన పెద్దాయన ఊరికి ఇద్దరైనా ఉండేవాళ్లు. దూలం మీద పిడికిలితో కొట్టి చప్పుడు విని చెప్పేవాళ్లు. ఇప్పుడు వాళ్లు లేరు, కూలోళ్లు దొరకరు. బెంగళూరు నుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చిన కొడుకు, చుట్టం పిల్లోడు కలిసి ఆదివారం పూట పని కానిచ్చేస్తారు. నిచ్చెన గట్టిగా పట్టుకోండి, ఎండలో నీళ్లు తాగండి అని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కొంపలు కూల్చేది ఒకే ఒక్క తప్పు. ముందుగా దాని సంగతే.

పాత మన్ను దించకుండా పైన కొత్త చౌడు వేయడం.

మా జేజి ఇల్లు పడగొట్టినప్పుడు చూశాను. మిద్దె అంచు దగ్గర మన్ను పొరలు పొరలుగా, ఏ ఏడు వేసింది ఆ ఏడు రంగులో కనపడింది. టేపు పెట్టి కొలిస్తే పద్నాలుగు అంగుళాలు. కట్టినప్పుడు వేసింది జానెడు కూడా లేదని మా చిన్నాయన చెప్పినాడు. మిగిలిందంతా 'ఈ ఏడు నాలుగు తట్టలు ఏస్తే సాలు లేబ్బా' అనుకుంటా వేసింది.

ఆ నాలుగు తట్టల లెక్క చూద్దాం. 10 అడుగులకు 12 అడుగుల గది, అంటే 120 చదరపు అడుగులు. దాని మీద ఒక్క అంగుళం మందాన మన్ను పరిస్తే 10 ఘనపుటడుగులు. ఎండిన మన్నే ఘనపుటడుగు 40 కిలోల పైన తూగుతుంది. అంటే అంగుళానికి 4 క్వింటాళ్లు. బాగా నానితే 5 దాటుతుంది. సిమెంటు మూటల్లో చెప్పాలంటే పది మూటలు, ఒక్క అంగుళానికి. కొంత మన్ను ఏటా వానకు కొట్టుకుపోతుంది, నిజమే. అయినా పదేళ్లలో ఆరంగుళాలు మిగిలితే, తడిసిన రోజున మీ నెత్తి మీద అదనంగా 3 టన్నులు వేలాడుతున్నట్టు. దూలం మాత్రం మీ తాత వేయించిందే. అది ఏటా బలం తగ్గుతోంది, బరువు ఏటా పెరుగుతోంది.

కూలేది వాన పడినప్పుడే ఎందుకంటే ఎండిన మన్నును ఎట్లాగో మోసిన దూలం నానిన మన్నును మోయలేదు. వాన ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు ప్రమాదం ఉంటుంది. నీళ్లు లోపలికి నిదానంగా దిగుతాయి, గోడ కూడా నిదానంగా నానుతుంది. ఎండ వచ్చింది కదా అని అదే రాత్రి లోపల పడుకునే వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి.

చౌడు మీద నాకేం కోపం లేదు. దానిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమన్ను రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. గడ్డి కూడా సరిగా మొలవదు కాబట్టి వేర్లు మిద్దెను చీల్చవు. అంత మంచి సరుకు. కానీ అది పైపొరగా ఉండాల్సింది. తెచ్చే ముందు ఒక పిడికెడు చౌడు తడిపి, చిల్లుల గిన్నెలో అదిమి, పైన నీళ్లు పోసి పెట్టండి. గంటలోపు బొట్లు బొట్లుగా కారితే అది పేరుకే చౌడు. తెచ్చి లాభం లేదు.

ఎక్కే ముందు

మొదట లోపలికి పోయి తల పైకెత్తి చూడండి. దూలం నడుమ కాదు, గోడలోకి దిగే కొసలు చూడండి. గోడ తడిని పీల్చి దూలం కొసకు ఇస్తుంది. చెదలు కూడా అక్కడే మొదలుపెడతాయి. నడుమ నున్నగా, నల్లగా, రాయిలా కనిపించే వేప దూలం కొస దగ్గర స్క్రూడ్రైవరు గుచ్చితే పిండిలో దిగినట్టు దిగడం నేను రెండు ఇళ్లలో చూశాను. గుచ్చి చూడండి, సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కట్టె ఖణేలుమంటుంది, డొల్ల కట్టె బోలుగా పలుకుతుంది. దూలాల మీద అడ్డంగా వేసిన సన్న కట్టెలను, అంటే దంతెలను కూడా ఒక్కొక్కటే చూడాలి. దంతెల మీద కట్టెపుల్లలు, ఆకు కాకుండా నాపబండలు పరిచిన మిద్దెలైతే బండల్లో పగుళ్లు చూడండి. ఒక బండ విరిగితే పైనున్న మన్నంతా ఆ సందులోంచే దిగుతుంది.

అనుమానం వచ్చిన దూలం కింద పని మొదలుపెట్టక ముందే ఊతగుంజ నిలపాలి. గుంజ కింద పలక వేయండి, లేకుంటే మట్టి నేలలో దిగిపోతుంది. పైన కూడా పలక పెట్టి, గుంజకు పలకకు మధ్య చెక్క చీలికలు కొట్టి బిగించాలి. ఊరికే ఆనించి నిలబెట్టిన గుంజ అలంకారానికే.

దించేటప్పుడు

మన్ను ముందు గది నడిమి నుంచి తీయండి. నడుమ ఉన్న బరువే దూలాన్ని ఎక్కువ వంచుతుంది. గోడల దగ్గర ఉన్నది తర్వాత. మీరు నిలబడాల్సింది మాత్రం గోడ మీదుగా. నడుమకు పోవాల్సి వస్తే దూలాల మీదుగా పలకలు వేసుకుని వాటి మీదే నడవండి. ఇద్దరికి మించి పైన వద్దు. గడ్డపారతో పొడవొద్దు, పారతో గీరి తీయాలి. గడ్డపార దెబ్బకు కింది పుల్లలు, బండలు విరుగుతాయి.

దించిన మన్ను మిద్దె మీదే ఒక మూల కుప్ప పోసి 'తర్వాత చూద్దాం' అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. నిండిన తట్ట నిండినట్టే కిందికి పోవాలి. కొత్త చౌడు కూడా పైన ఒకేచోట పోయించుకుని పరచొద్దు. నలుగురు కూలోళ్లు వరసగా తెచ్చి ఒకేచోట కుమ్మరిస్తే బరువంతా ఆ ఒక్క దంతె మీదే పడుతుంది. పక్క ఊర్లో అట్లాగే పోసినారంట.

ఎంత దించాలి అని అడుగుతారు. ఎంత ఎక్కిస్తారో కనీసం అంత దించాలి. పాతది ఎక్కువ పేరుకుని ఉంటే ఎక్కించేదానికి రెట్టింపు. దీంట్లో బేరం లేదు.

వాలు కూడా అప్పుడే సరిచూసుకోండి. నీళ్లు దోనె వైపు, అంటే మిద్దె నీళ్లు బయటికి పోయే గొట్టం వైపు పోవాలి. అదే గది మిద్దె మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలిచినా దాదాపు 280 కిలోలు. దోనె మూతిలో ఆకులు, పిచ్చుక గూడు, పిల్లలు వేసిన బంతి ఏముందో చేయి పెట్టి చూడకండి, పుల్లతో చూడండి. దోనె నీళ్లు గోడ మొదట్లో పడుతుంటే పైపు బిగించి దూరంగా వదలాలి. రాయి, మట్టి కలిపి కట్టిన గోడకు మొదలు నానితే మిద్దె ఎంత బాగున్నా లాభం లేదు.

బాగు చేస్తున్నామనుకుని చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. కారకుండా ఉంటుందని మట్టి మిద్దె మీద రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోస్తారు. అదే 120 చదరపు అడుగుల గదికి అది 13 క్వింటాళ్లకు పైమాటే. దూలం కాస్త వంగగానే సిమెంటు పగులుతుంది, నీళ్లు పగుల్లోంచి దిగి కింద ఆరకుండా నిలుస్తాయి, దూలం కంటికి కనపడకుండా కుళ్లుతుంది. కడప బండలు పరచడమూ అంతే. అంగుళం మందం బండలైతే 7 క్వింటాళ్ల పైనే. 500 లీటర్ల సింటెక్స్ ట్యాంకు నింపితే అరటన్ను, అదీ నాలుగడుగుల చోట. టార్పాలిన్ పట్టా కప్పుకోండి, తప్పులేదు. గాలికి లేవకుండా బండరాళ్లు పెట్టొద్దు, అంచులకు తాడు కట్టి గోడ బయట మేకులకు బిగించండి.

ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వరస లేకుండానే రాస్తున్నా.

- పైన పని జరుగుతుంటే కింద ఎవరూ ఉండకూడదు. వంటింట్లో అమ్మ ఉన్నా సరే. అన్నం పక్కింట్లో వండుకోండి.
- పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపండి. దంతెలకు మేకులు కొట్టి లాగిన పాత వైర్లు మన్ను కదిలితే తెగుతాయి.
- సర్వీసు వైరు మిద్దె మీదుగా పోతుంటే ఇనుప నిచ్చెన ఎత్తొద్దు. 1912కు ఫోను చేసి లైన్ తీయించండి.
- పాత మన్నులో తేళ్లు, జెర్రులు ఉంటాయి. వట్టి చేతులు పెట్టొద్దు. పాము కరిస్తే కోయొద్దు, కట్టు కట్టొద్దు, 108.
- గవాచి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) మీద కప్పిన రేకు మీద కాలు పెట్టొద్దు. పైన మన్ను పడి కనపడదు. ముందే కట్టెలు అడ్డం పెట్టి గుర్తు చేసుకోండి.
- వానమబ్బు కమ్మితే పని ఆపి దిగండి. సగం పని పట్టాతో కప్పి వదలండి.
- వాన పడుతుండగా, కారుతోందని మిద్దె ఎక్కి మన్ను వేయొద్దు. ఇది మాత్రం చచ్చినా చేయొద్దు. తడిసిన మిద్దె మీద మీ బరువు, తట్ట బరువు, కొత్త మన్ను, అన్నీ ఒకేసారి. కారేచోట గిన్నె పెట్టుకోండి, మంచం జరుపుకోండి.
- తాగి ఎక్కొద్దు.
- దూలం మార్చడం మీ పని కాదు. వడ్రంగిని, మేస్త్రీని పిలవండి. దొరక్కపోతే ఆ గది ఖాళీ చేయండి.
- పాత మన్ను దించకుండా కొత్తది ఎత్తొద్దు. మళ్లీ చెప్తున్నా. 'ఈ ఒక్క ఏడుకు' అని కూడా ఎత్తొద్దు.
- దించిన పాత మన్నును గోడ మొదట్లో దిబ్బ పోయొద్దు. తడిని పట్టి గోడకు ఇస్తుంది. చేనికో, గుంతకో తోలండి.
- పై నుంచి రాలే మన్ను రోజూ ఊడ్చుకునే దానికంటే ఎక్కువవుతోందా, మూసుకుంటున్న తలుపు ఉన్నట్టుండి పట్టేస్తోందా, గోడ పొట్ట ఉబ్బిందా: ఆ రాత్రికే బయటికి.
- ఉత్తర, హస్త కార్తెల వానల్లో ముసలివాళ్లను, పిల్లలను నడిమింట్లో పడుకోబెట్టొద్దు. చలి అంటారు. దుప్పటి ఇవ్వండి, వసారాలో పడుకోబెట్టండి.
- ఎక్కడైనా కూలితే మొదట కరెంటు తీయించండి. మన్ను మీదికి పదిమంది ఎక్కి తొక్కొద్దు, కింద మనిషి ఉంటాడు. పక్కనుంచి చేతులతో, తట్టలతో తీయండి. ఒకరు 108కి, ఒకరు 101కి ఫోను చేయండి.
- రాత్రిపూట పైన టప్పుమని కట్టె విరిగిన చప్పుడు వినపడితే లైటు వేసి చూడొద్దు. పక్కనున్న వాళ్లను లాక్కుని వాకిలి దాటి బయటికి రండి. బీరువా తాళాల కోసం, పాసు పుస్తకాల కోసం మళ్లీ లోపలికి పోవద్దు.