పచ్చడి సీసాలో బూజు వీడియో వైరల్ అయింది, ఇప్పుడేం చెయ్యాలి?

కొన్నేళ్లు ఓ పేపర్లో వార్తలు దిద్దే జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేసి ఆ నైట్ డ్యూటీలు పడలేక వదిలేశా, ఇప్పుడు చిన్న చిన్న షాపుల ఫేస్‌బుక్, ఇన్‌స్టా పేజీలు చూసుకుంటున్నా. స్వీట్ షాపులు, పచ్చళ్లవాళ్లు, ఓ ట్యూషన్ సెంటరు, ఇలాంటివి. వీళ్లంతా అడిగేది ఒక్కటే, ఫాలోవర్లు ఎలా పెరుగుతారండీ అని. పొరపాటు జరిగి పరువు వీధిన పడిన రోజు ఏం చెయ్యాలో ముందుగా ఎవరూ అడగరు, అది రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడుగుతారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

నాకు ఈ పాఠం నేర్పింది ఓ పచ్చళ్ల షాపు, పేరొద్దులే. వాళ్ల గోంగూర పార్శిల్ డాలస్ వెళ్లింది, అక్కడ ఒకావిడ మూత తీస్తే పైన తెల్లగా బూజు. వీడియో తీసి అక్కడి తెలుగువాళ్ల గ్రూపులో పెట్టింది. ఓనరు గారి అబ్బాయి ఆగలేక కింద కామెంట్ కొట్టాడు, "తడి స్పూన్ పెట్టారేమో చూసుకోండి మేడమ్" అని. ఆవిడ సీలు తీసే దగ్గర్నుంచి వీడియో తీసిందని ఈ బాబు చూసుకోలేదు. ఇంకేముంది, బూజు సంగతి పక్కకి పోయింది, తడి స్పూన్ స్క్రీన్‌షాట్ మాత్రం నాలుగు రోజులు తిరిగింది.

కాబట్టి మొదటి పని, ఇంట్లోవాళ్ల నోళ్లు కట్టెయ్యడం. మన షాపులన్నీ ఫ్యామిలీ వ్యవహారాలే కదా, హైదరాబాద్‌లో ఉండే బావగారు, చెల్లెలి మొగుడు, పాత కస్టమర్ ఒకాయన, అందరూ అభిమానం కొద్దీ వచ్చి కామెంట్లలో యుద్ధం మొదలెడతారు. ఫ్యామిలీ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి, ఎవరూ ఏమీ రాయొద్దు, ఫోనొస్తే ఫలానా వాళ్ల నంబరివ్వండి అని. ఆ ఫలానా మనిషి ఎవరో కూడా అప్పుడే తేల్చుకోండి, కోపం తక్కువున్న మనిషైతే మేలు. ఫోన్లో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతోందనుకునే మాట్లాడాలి, రేపు ఆ ఆడియో కూడా గ్రూపుల్లోకే వస్తుంది.

రెండోది అందరూ మర్చిపోయేది, షెడ్యూల్ చేసిన పోస్టులు. మెటా బిజినెస్ సూట్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టా పోస్టులకి ముందే టైం పెట్టుకునే టూల్) వారానికి సరిపడా పెట్టేసి ఉంటాం కదా, వెంటనే వెళ్లి అన్నీ ఆపండి, నడుస్తున్న యాడ్స్ కూడా. మేం ఆపలేదు (తప్పు నాదే, ఒప్పుకుంటున్నా). పొద్దున్నే ఏడింటికి "అమ్మ చేతి రుచి, ఏడాదైనా చెక్కు చెదరదు" అని పోస్టు పడింది, దాని కింద వచ్చిన కామెంట్లు ఇక్కడ రాయలేను.

దేన్నీ డిలీట్ చెయ్యకండి. బూతులైతే దాచెయ్యొచ్చు, ఫిర్యాదుని ముట్టుకోవద్దు, తీసేస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే. మన పిల్లాడు పెట్టిన వెధవ కామెంట్ ఎలాగూ ఎవడో స్క్రీన్‌షాట్ తీసే ఉంటాడు కాబట్టి అది తీసెయ్యడం కన్నా దాని కిందే "ఈ మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం" అని రాయడం మంచిది.

ఇక అసలు పని, నిజం కనుక్కోవడం. ఇది చెయ్యకుండా సారీ చెప్పినా లాభం లేదు, దబాయించినా లాభం లేదు. సీసా మీద బ్యాచ్ నంబరు చూడండి, ఆ రోజు ఎవరు కలిపారు, ఎవరు ప్యాక్ చేశారు, అదే బ్యాచ్ ఇంకెంతమందికి వెళ్లింది, వాళ్లలో ఇద్దరు ముగ్గురికి మనమే ఫోన్ చేసి అడగాలి. మా కేసులో తేలిందేంటంటే, కొరియర్‌లో నూనె కారుతోందని కంప్లైంట్లు వస్తుంటే ప్యాకింగ్ కుర్రాడు సీసాలో పైకి తేలాల్సిన నూనె తగ్గించి పోశాడు. పచ్చడి పైన నూనె లేకపోతే గాలి తగిలి బూజు పట్టకేం చేస్తుంది. పాపం వాడు మంచికే చేశాడనుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. ఈ సంగతి మాకు తెలిసేసరికి మూడో రోజు. మొదటి రోజే అడిగుంటే గంట పని.

నిజం తేలేదాకా నోరు మూసుకుని కూర్చోమని కాదు. "వీడియో చూశాం, ఆ బ్యాచ్ పంపడం ఆపేశాం, కారణం కనుక్కుంటున్నాం, రేపు సాయంత్రం ఆరింటికి చెప్తాం" అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. టైం చెప్పాక ఆ టైంకి కచ్చితంగా పోస్టు పడాలి, తేలకపోతే ఇంకా తేలలేదనైనా సరే.

పెద్దవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. 2017 ఏప్రిల్‌లో చికాగోలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ఒక ప్రయాణికుణ్ని ఈడ్చుకెళ్లిన వీడియో గుర్తుండే ఉంటుంది. వాళ్ల సీఈవో మొదటి ప్రకటనలో ప్రయాణికులకి వేరే ఏర్పాటు చెయ్యాల్సి వచ్చినందుకు క్షమించమన్నాడు, మనిషి నోట్లోంచి రక్తం కారుతుంటే ఏర్పాట్ల గురించి మాట్లాడతాడేంటని జనం ఇంకా మండిపడ్డారు, మర్నాడే తిన్నగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. దానికి పూర్తిగా వేరే దారి 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కేఎఫ్‌సీది. డెలివరీ కంపెనీ మార్చారు, చికెన్ అందలేదు, అక్కడున్న సుమారు 900 షాపుల్లో సగానికి పైగా మూతపడ్డాయి. వాళ్లు పేపర్లో ఫుల్ పేజీ యాడ్ ఇచ్చారు, ఖాళీ బకెట్, దాని మీద తమ పేరులోని మూడక్షరాలే తారుమారు చేసి తిట్టులా చదువుకునేట్టు, కింద సారీ. చికెన్ షాపులో చికెన్ లేకపోవడం గొప్ప విషయమేం కాదని వాళ్లే రాసుకున్నారు. ఇది చదివి మనం కూడా జోకులేద్దామనుకోకండి. అక్కడ ఎవరికీ కడుపునొప్పి రాలేదు, తిండి దొరకలేదంతే. బూజు విషయంలో జోకేస్తే కొడతారు.

క్షమాపణ రాసేటప్పుడు మన తెలుగులో ఒక దరిద్రపు వాక్యం ఉంది, "మా వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించగలరు." ఇందులో పచ్చడీ లేదు, బూజూ లేదు, తప్పూ లేదు, ఒక్క "ఉంటే" ఉంది. ఆ ఉంటే తీసెయ్యండి. మేం చివరికి పెట్టింది ఇది:

"మా గోంగూర సీసాలో బూజు వచ్చిన మాట నిజం. ప్యాకింగ్‌లో నూనె తగ్గించడం మా తప్పు. ఆ బ్యాచ్ తీసుకున్నవాళ్లు దయచేసి తినొద్దు, సీసా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు ఫోటో తీసి పంపండి, సీసా వెనక్కి పంపక్కర్లేదు, డబ్బులు రెండ్రోజుల్లో వేస్తాం. కస్టమర్‌ని తప్పుపడుతూ మేం పెట్టిన కామెంట్‌కి సిగ్గుపడుతున్నాం."

దీన్ని పేజీలో పైన పిన్ చేశాం, ముందు మాత్రం ఆ డాలస్ ఆవిడకి ఓనరు గారే ఫోన్ చేశారు. ఆ వరస తప్పకూడదు, బాధపడిన మనిషి మన సారీని వేరేవాళ్ల షేర్‌లో చూడకూడదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో కూడా పంపండి కానీ దాన్నే నమ్ముకోకండి, మన నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి అది వెళ్లదు. ఆ బ్యాచ్ కొన్నవాళ్లకి విడివిడిగా ఫోన్ చెయ్యడమే దారి.

రిపోర్టర్ ఫోన్ చేస్తే ఎత్తండి. నేను డెస్కులో ఉన్నప్పుడు వార్త చివర ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు, "దీనిపై యజమానిని వివరణ కోరగా అందుబాటులోకి రాలేదు." చదివేవాడికి ఆ లైనే తీర్పు. ఎత్తి, పేజీలో పెట్టిన మాటలే చెప్పి, అవే వాట్సాప్‌లో కూడా పంపండి, పొద్దున ఎడిషన్ టైం అయిపోతుంటే డెస్కువాడు మీ మెసేజ్‌నే దించేస్తాడు. "ఇది రాయకండి, మీకు చెప్తున్నా అంతే" అంటూ పక్క షాపువాడి మీద అనుమానాలు చెప్పకండి. యాడ్ ఇస్తాం వార్త ఆపండి అని అస్సలు అనకండి, నిజాయితీపరుడైతే అది కూడా రాస్తాడు, కాకపోతే నెలనెలా వస్తాడు.

మూడు నాలుగు రోజులకి గొడవ చల్లారుతుంది, అప్పుడు మనవాళ్లకి చెయ్యి దురదపెడుతుంది, "మాపై కుట్ర చేసినా మీ ఆదరణ" అంటూ ఏదో పెట్టాలని. వద్దు. దాని బదులు ఇప్పుడు నూనె ఎంత పోస్తున్నారో, మూత కింద సీలు ఎలా వేస్తున్నారో అరనిమిషం వీడియో తీసి పెట్టండి, పాటలు లేకుండా. ఆపిన పోస్టుల్ని మళ్లీ వదిలే ముందు ఒక్కొక్కటీ తెరిచి చదవండి, మా వాటిలో "ఏడాదైనా" అన్న మాట ఇంకో మూడు చోట్ల దొరికింది.