రెండు భాషల్లో ఒకే పేరు – మూడో పాఠం: పేరును చివర నుంచి వినండి

పోయిన పాఠంలో మీ మగబిడ్డ కోసం పన్నెండు పేర్లు రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకుని పెన్సిల్ తీసుకోండి. ఈ పాఠం అయ్యేసరికి సగం పేర్లు కొట్టేస్తారు. పెన్ను మాత్రం వద్దు, కొట్టేసిన వాటిలో ఒకటి రెండు మళ్ళీ కావాలనిపించవచ్చు.

మనకు పేరంటే మొదటి అక్షరం. అశ్విని నక్షత్రమైతే పంతులుగారు ‘చూ, చే, చో, లా’ అంటారు, ఆ అక్షరంతో మొదలయ్యే పేరు వెతుక్కుంటాం. కెనడాలోని మాంట్రియల్‌లో అలా కాదు. కొట్లో అడుగు పెట్టగానే ‘బోఁజూర్, హాయ్’ అని ఫ్రెంచి, ఇంగ్లీషు రెండు భాషల్లో పలకరించే ఊరు ఇది. ఇక్కడ పుట్టే బిడ్డ పేరుకు చిక్కంతా చివర్లో ఉంటుంది. మగపిల్లల పేర్లలో ఇంగ్లీషువాళ్ళు సాధారణంగా ముందు భాగాన్ని ఒత్తి, చివరిదాన్ని తేలిగ్గా వదిలేస్తారు. ఫ్రెంచివాళ్ళు బరువంతా చివరి అక్షరం మీదే వేస్తారు. ఆ చివర హల్లు ఉంటే ఒక్కోసారి మింగేస్తారు, ఒక్కోసారి ముక్కులోకి లాగేస్తారు.

మా అబ్బాయి పేరు కిరణ్. గార్డరీలో, అంటే ఇక్కడి డే కేర్‌లో, మొదటి రోజు కోటు తగిలించే కొక్కెం పైన వాడి పేరున్న చీటీ అంటించారు. టీచరమ్మ ఆ చీటీ చూసి ‘కిరాఁ’ అని పిలిచింది. వాడు నేల మీద కూర్చుని మంచు బూట్లు విప్పుకుంటున్నాడు, తల ఎత్తలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచి, వీడికి సరిగ్గా వినిపిస్తుందా అన్నట్టు నా వైపు చూసింది. వాడికి వినిపిస్తూనే ఉంది, అది తన పేరని తెలియలేదంతే. రెండు రోజుల్లో అలవాటు పడ్డాడు. నాకు మాత్రం ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. ఈ పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

ముందు ఆ ముక్కు ధ్వని నేర్చుకుందాం. దాన్ని రాయడానికి మనకు అరసున్న ఉంది. పలకడం ఎప్పుడో మానేసిన ఆ గుర్తుకు ఇక్కడ మళ్ళీ పని కల్పిద్దాం. ముక్కు పక్కన వేలు ఆనించి ‘ఆఁ’ అనండి. వేలికి సన్నగా అదురు తగలాలి. నాలుక ఎక్కడా తగలకూడదు. నాలుక పంటి వెనక్కి వెళ్ళిందంటే మీరు ‘ఆన్’ అంటున్నారు, మళ్ళీ మొదలుపెట్టండి. ఇప్పుడు ఈ జతలు పైకి చదవండి: ఇంగ్లీషులో నేథన్, ఫ్రెంచిలో నతాఁ. ఆడమ్, అదాఁ. సైమన్, సిమోఁ. బెంజమిన్, బెఁజమెఁ. రాసేటప్పుడు నాలుగు పేర్లకూ రెండు భాషల్లో ఒకే స్పెల్లింగు. ‘ఎన్’తో గానీ ‘ఎమ్’తో గానీ ముగిసే పేరు మీ జాబితాలో ఉంటే పక్కన చిన్న సున్న పెట్టండి. ఇది మారని నియమం కాదు. లియామ్‌లో చివరి మ్ పలుకుతారు, ఈథన్, లోగన్ లాంటి కొత్తగా వచ్చిన పేర్లలో న్ కూడా పలుకుతారు. కానీ తమకు తెలియని పేరును కాగితం మీద మొదటిసారి చూసినప్పుడు ఏమంటారో చెప్పలేం. మా కిరణ్‌కు జరిగిందదే.

తర్వాత మింగేసే హల్లులు. టామస్ ఫ్రెంచిలో తొమా. నికొలస్, నికొలా. జేవియర్, గ్జవియే. లూయిస్ ఏకంగా ల్వీ అయిపోతాడు. చివర ‘ఎస్’ ఉన్న పేర్ల పక్కన కూడా సున్న పెట్టండి. ‘ఎల్’, ‘సి’, ‘ఎక్స్’ గట్టి అక్షరాలు. గబ్రియెల్, మార్క్, అలెక్స్ ఎవరి నోట్లోనూ అరిగిపోవు. ‘ఆర్’ నమ్మదగింది కాదు: విక్టర్‌లో నిలబడుతుంది, ఒలివియేలో మాయమవుతుంది.

సున్న పడిన పేర్లన్నీ కొట్టేయమని నేను చెప్పను. టామస్ పేరు కెబెక్‌లో, అంటే మాంట్రియల్ ఉన్న రాష్ట్రంలో, ఏటా బాగా ఎక్కువగా పెట్టే పేర్లలో ఒకటి. టామస్ అన్నా తొమా అన్నా ఆ పిల్లవాడు వెనక్కి తిరుగుతాడు, చుట్టుపక్కల వాళ్ళకూ రెండూ తెలుసు. పేరుకు రెండు పలుకుబడులు ఉండటం లోపం కాదు. ఒకటి వింటే రెండోది గుర్తు రాకపోవడమే లోపం.

సున్న పెట్టక్కర్లేకుండా నేరుగా కొట్టేయాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్రెంచిలో మగవాడైన ఝాఁ కాగితం మీద ఇంగ్లీషువాళ్ళకు జీన్ అనే ఆడమనిషి. మిషెల్ అని పిలిస్తే ఇంగ్లీషు చెవికి అమ్మాయే. జోస్లిన్, కరోల్ కూడా అంతే, కెబెక్‌లో ఈ పేర్లున్న మగవాళ్ళు ఉన్నారు, ఇంగ్లీషులో అవి ఆడవాళ్ళ పేర్లు. చిన్నప్పటి నుంచి ప్రతి ఫారంలోనూ ‘మిస్’ అన్న మాటను కొట్టి సరిచేయించుకోవడం బిడ్డకు పెట్టాల్సిన పని కాదు.

ఇక మన పేర్లు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఈ పరీక్షలో అది మనకు కలిసొస్తుంది. చివర ‘ఇ’ (e) అక్షరం తప్ప మిగతా అచ్చులను ఎవరూ మింగరు. మను అన్న పేరు ఫ్రెంచివాళ్ళకు కొత్త కాదు, ఎమాన్యుయెల్‌ను ముద్దుగా పిలిచేది అలాగే. రవి అయితే ఇంకా బాగుంటుంది. ఆ స్పెల్లింగుతోనే ఫ్రెంచిలో ఒక మాట ఉంది, ‘చాలా సంతోషించినవాడు’ అని అర్థం. ఎవరినైనా మొదటిసారి కలిసినప్పుడు ‘మిమ్మల్ని కలవడం సంతోషం’ అనడానికి వాడే మాట అదే. పరిచయం చేసుకున్న ప్రతిసారీ ఎదుటివాళ్ళ ముఖంలో నవ్వు తెప్పించే పేరు ఇంతకంటే ఏముంటుంది?

చివర ‘అ’ వస్తే మాత్రం ఆలోచించండి. కృష్ణ, హర్ష, తేజ అని చూడగానే ఇక్కడ చాలామంది ఆడపిల్ల అనుకుంటారు. హర్షలో ‘హ’ కూడా పోయి అర్షా మిగులుతుంది. సాయిని ఇంగ్లీషులో మామూలుగా రాసే మూడక్షరాలతో రాస్తే ఫ్రెంచివాళ్ళు ‘సే’ అని చదువుతారు, ‘ఐ’ మీద రెండు చుక్కలు పెడితే సాయి అవుతుంది. చరణ్ ‘షరాఁ’ కావచ్చు. కునాల్, నిఖిల్ చక్కటి పేర్లే గానీ, రెండింటి మొదటి భాగమూ ఫ్రెంచిలో మొరటు మాటలా వినిపిస్తుంది. బడిలో తోటి పిల్లలు ఊరుకోరు. ఆ టెన్షన్ మనకెందుకు?

ఇదంతా ఒక ఇంట్లో ఎలా తేలిందో చెబుతాను. మా పై ఫ్లాట్‌లో ఒక జంట ఉంటారు. ఆయనది కెబెక్‌లోని త్ర్వా-రివియేర్, ఇంట్లో అంతా ఫ్రెంచి. ఆవిడది ఒంటారియోలోని కింగ్‌స్టన్, ఫ్రెంచి నేర్చుకుంటోంది. ఏడో నెలలో ఫ్రిజ్ తలుపు మీద అయిదు పేర్లు రాసి అంటించారు. నేనొకటే సలహా ఇచ్చాను: మీరు చదవకండి, నానమ్మకూ తాతయ్యకూ పేర్లు రాసి పంపి ఫోన్లో చదివించండి. ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. ఆయన తల్లి ‘నతాఁ’ అనగానే భార్య మొహం వాడిపోయింది, నాలుగు నెలలుగా మనసులో నేథన్ అనే పిలుచుకుంటోంది మరి. భార్య తండ్రి ‘జేవియర్’ అన్నప్పుడు భర్త పరిస్థితీ అంతే. చివరికి ఫెలిక్స్ వచ్చింది. నానమ్మ ఫెలిక్స్ అంది, తాతయ్య ఫీలిక్స్ అన్నాడు. మొదటి అచ్చు కాస్త సాగింది, చివర చెక్కు చెదరలేదు. పైగా ఆ నానమ్మకు ఫెలిక్స్ లెక్లేర్ పాటలంటే ప్రాణం. 1914లో పుట్టి 1988లో పోయిన ఆ కవి గాయకుడి పేరు మీదే కెబెక్ సంగీత పురస్కారాలను ‘ఫెలిక్స్’ అంటారు. ఆమె ఫోన్లోనే ఏడ్చేసింది.

కాన్పు కాకముందే ఈ పని ముగించమనడానికి కారణం ఉంది. కెబెక్‌లో బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు జనన నమోదు ఫారం పంపాలి. ఫ్రాన్స్‌లో అయితే 5 రోజులే. నిద్రలేని ఆ రోజుల్లో కూర్చుని ముక్కు ధ్వనులు సాధన చేయలేరు.

ఈ వారం చేయాల్సింది: సున్నలు పడిన పేర్లను ఫ్రెంచి మాట్లాడే ఒకరికీ ఇంగ్లీషు మాట్లాడే ఒకరికీ కాగితం మీద చూపించి చదివించండి. మీరు ముందుగా పలికి వినిపించకండి. ఎవరూ దొరక్కపోతే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పేరు కొట్టి రెండు భాషల్లోనూ స్పీకర్ గుర్తు నొక్కండి. పేరులోని అక్షరం మీద (é లాగా) ఏటవాలు గీత ఉంటే అది తీసేసి కూడా చదివించండి, విమానం టికెట్‌లో ఆ గీత ఉండదు. తర్వాత వరండాలో నిలబడి, పార్కులో దూరంగా ఆడుకుంటున్న పిల్లవాడిని పిలిచినట్టు, చివరి అక్షరాన్ని సాగదీసి గట్టిగా పిలవండి. అలా సాగదీస్తే వినబుద్ధి కాని పేర్లు కొట్టేయండి.

మిగిలిన పేర్లను నాలుగో పాఠానికి దాచుకోండి. వాటిని ఒక్కొక్కటిగా ఇంటిపేరు పక్కన పెట్టి చదువుదాం.