ఫీడు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అంకె చూడకముందు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఒక రోజంతా, ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఎందుకు తీసుకున్నారో ఒక ముక్క రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితంలో “లైకులు ఎన్ని వచ్చాయో చూద్దామని” అన్న మాట మూడు నాలుగు చోట్ల కనిపిస్తే ఈ పాఠం మీ కోసమే. పోస్టులు పెట్టే అలవాటు ఉండి కూడా ఆ మాట ఒక్కసారీ రాయలేదంటే, ఇంకో రోజు మళ్లీ రాసి చూడండి. మొదటిసారి నేనూ దాచేశాను. రెండోసారి ఏడు తేలాయి.

ఈ వారం నేర్చుకునే విద్య చిన్నది. ఒక పోస్టు కింద ఉన్న లైకుల అంకె కంటబడకముందే దాని మీద మీకంటూ ఒక అభిప్రాయం ఏర్పరచుకోవడం. వినడానికి తేలికగా ఉంటుంది కానీ చేతికి అలవాటు కావడానికి వారం చాలకపోవచ్చు.

ఆ అంకె ఏం చేస్తుందో ముందు చూద్దాం. ఫేస్‌బుక్‌లో లైకు మీట వచ్చింది 2009 ఫిబ్రవరిలో. అంతకుముందు ఒక ఫోటో నచ్చిందని చెప్పాలంటే నాలుగు మాటలు రాయాల్సి వచ్చేది. మీట వచ్చాక మెచ్చుకోలు లెక్కకు అందింది. లెక్కకు అందినదాన్ని పక్కవాడి లెక్కతో పోల్చకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

2016లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 32 మందిని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించినట్టే ఫోటోలు చూపించారు. కిందనున్న లైకులు మీ ఈడువాళ్లు ఇచ్చినవేనని చెప్పారు. నిజానికి ఆ అంకెలు వేసింది పరిశోధకులే. ఒకే ఫోటోను సగం మందికి ఎక్కువ లైకులతో, మిగతా సగానికి తక్కువ లైకులతో చూపించారు. ఫోటో మారలేదు, అంకె ఒక్కటే మారింది. అయినా అంకె పెద్దగా ఉన్నప్పుడు తామూ లైకు కొట్టినవాళ్లే ఎక్కువ. సిగరెట్లు, మద్యం లాంటివి ఉన్న ఫోటోల విషయంలోనూ అదే జరిగింది. పైగా అలాంటివి చూస్తున్నప్పుడు, మనల్ని ఆచితూచి అడుగేయించే మెదడు భాగాల్లో చురుకు తగ్గింది. తమ సొంత ఫోటోకు ఎక్కువ లైకులు కనిపించినప్పుడు బహుమతి అందితే స్పందించే భాగం చురుకెక్కింది. 32 మంది అంటే చిన్న గుంపే, దాని మీద మేడలు కట్టకూడదు. అయితే “నలుగురితో నారాయణా” అనడం మనకు కొత్త కాదు. ఇక్కడ ఆ నలుగురూ పరిశోధకులు వేసిన ఉత్త అంకె కావడమే కొత్త.

పెద్దవాళ్లు దీనికి అతీతులని అనుకోకండి. కాకపోతే ఈడువాళ్లు చూస్తున్నారన్న స్పృహ చిన్న వయసులో మరింత గట్టిగా పనిచేస్తుంది. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించారు. స్నేహితులు పక్కన ఉండగా ఆడిన 13–16 ఏళ్లవాళ్లు, ఒంటరిగా ఆడిన అదే ఈడువాళ్లకంటే బాగా ఎక్కువ తెగింపు చూపారు. 24 ఏళ్లు దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. ఫోనులో స్నేహితులు ఎప్పుడూ పక్కనే ఉంటారు, అర్ధరాత్రి కూడా.

ఇక సాధన. ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో “నా మాట”, రెండో గడిలో “అంకె”, మూడో గడిలో “మార్చుకోవాలనిపించిందా?” అని రాయండి. ఫీడు తెరిచేముందు, అంకె కనిపించే చోట చిన్న కాగితం ముక్క అడ్డుపెట్టండి. పోస్టు చూసి, మొదటి గడిలో మూడు నాలుగు మాటలు రాశాకే కాగితం తీయండి. రోజుకు పది పోస్టులు, ఐదు రోజులు.

ఒక వరుస ఎలా ఉంటుందో చూపిస్తాను. మెట్ల మీద జారిపడిన ఒక కుర్రాడి వీడియో వచ్చిందనుకుందాం. మొదటి గడిలో మీరు “దెబ్బ గట్టిగా తగిలింది, నవ్వు రాలేదు” అని రాశారు. కాగితం తీశారు. రెండు లక్షల లైకులు. ఇప్పుడు మీ బొటనవేలిని గమనించండి. అది హృదయం గుర్తు వైపు కదిలితే మూడో గడిలో “అవును” అని రాయండి. సిగ్గుపడక్కర్లేదు, నోటుపుస్తకం ఎవరూ చూడరు.

దీనికి తలకిందులుగా ఉన్న సందర్భం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. స్నేహితురాలు తను గీసిన బొమ్మ పెట్టింది. మీరు “కళ్లు బాగా కుదిరాయి” అని రాసుకున్నారు. కాగితం తీస్తే నాలుగంటే నాలుగు లైకులు. ఐదో లైకు కొట్టడానికి చేయి ఆగుతుంది. నచ్చలేదా అంటే నచ్చింది. ఎవరికీ నచ్చనిది నాకు నచ్చిందని నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న జంకు అది. పెద్ద అంకె మనల్ని లాగినట్టు తెలుస్తుంది, చిన్న అంకె నోరు నొక్కినట్టు మాత్రం తెలియదు. గంటలో లైకులు రాలేదని పోస్టు తీసేసేవాళ్లను చూస్తుంటాం. తీసేసిన ఆ బొమ్మ ఎంతమందికి లోలోపల నచ్చిందో లెక్క ఎక్కడా ఉండదు. అందుకే ఈ వారం ఒక అదనపు నియమం: మొదటి గడిలో మెచ్చుకున్నది, రెండో గడిలో చిన్న అంకె ఉన్నది ఎదురైతే, మీరు రాసుకున్న మాటనే అక్కడ కామెంటుగా పెట్టండి.

ఇప్పటిదాకా ఇతరుల పోస్టుల సంగతి. అంకె మన సొంత గొంతునూ మారుస్తుంది. 2021లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ట్విట్టర్‌లో 7,331 మంది రాసిన 1.27 కోట్ల ట్వీట్లను పరిశీలించారు. కోపంగా, నిందిస్తూ రాసినదానికి లైకులు, షేర్లు ఎక్కువ వచ్చినవాళ్లు తర్వాత అలాంటివే ఎక్కువగా రాశారు. మరీ ఆలోచింపజేసే సంగతి ఇంకొకటుంది. ఈ ప్రోత్సాహానికి ఎక్కువగా లొంగింది, రాజకీయంగా మధ్యస్థంగా ఉండే వలయాల్లోని వాళ్లు. ఎవరూ పొద్దున లేచి “ఇవాళ్టి నుంచి నేను కోపిష్టిని” అనుకోరు. మెల్లగా, లైకు వెంబడి లైకుగా, అలా తయారవుతారు.

రెండో సాధన దీనికోసమే. మీ సొంత పోస్టులు, కామెంట్లు ఇరవై తీసి పాతవాటి నుంచి కొత్తవాటికి వరుసగా చదవండి. అన్నిటికంటే ఎక్కువ స్పందన వచ్చినదాని దగ్గర ఆగి, దాని తర్వాతి మూడింటిని చూడండి. అదే వెటకారం, అదే విసురు మళ్లీ మళ్లీ వచ్చాయా? పిట్టల ఫోటోలు పెట్టుకునే ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఒకరోజు ఎవరికో ఘాటుగా బదులిచ్చింది, జనం విరగబడ్డారు. ఆ తర్వాత పిట్టలు కనిపించవు, బదుళ్లే కనిపిస్తాయి. మీ ఇరవైలో మీ పిట్టలు ఎక్కడ ఆగిపోయాయో వెతకండి.

కొత్తగా ఏదైనా పెట్టేముందు రాసి డ్రాఫ్టులో ఉంచి, మర్నాడు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనికి ఒక్క లైకు కూడా రాదని ముందే తెలిస్తే పెడతానా? జోకులకు ఈ పరీక్ష పెట్టకండి. నవ్వించాలని చెప్పేదానికి నవ్వు కావాలి, అందులో తప్పేమీ లేదు.

లైకుల అంకెను కనబడకుండా చేసే సౌకర్యం ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచి అందరికీ ఉంది కదా, ఈ కాగితం ముక్కలెందుకు అని మీరు అడగవచ్చు. సాధన ముగిశాక వాడుకోండి. ఈత నేర్చుకోవడానికి వచ్చి చెరువులో నీళ్లు తోడేస్తే ఎలా?

యాభై వరుసలున్న నోటుపుస్తకం దాచిపెట్టండి. ఐదో పాఠం కామెంట్ల గురించి. అందులో మొదటి పని, మూడో గడిలోని “అవును”లను లెక్కపెట్టడం.