రైఫిల్ బ్యారెల్ అరిగిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

"అన్నా, నా బ్యారెల్ పోయినట్టుంది." చెన్నైలో మా రేంజ్‌లో ప్రాక్టీసు చేసే నెల్లూరు తమ్ముడొకడు దిగాలుగా అన్న మాట ఇది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మి.మీ. అతని తూటాలు దాని చుట్టూ చెల్లాచెదురుగా పడుతున్నాయి. చూస్తే బ్యారెల్ నిక్షేపంగా ఉంది. చాంబర్ (తూటా కూర్చునే గది) ముందు మసి గట్టిపడి రింగులా పేరుకుంది, అంతే. శుభ్రం చేయగానే గ్రూపు, అంటే టార్గెట్ మీద తూటాలు పడిన గుంపు, మళ్లీ దగ్గరపడింది.

అందుకే మొదటి పని శుభ్రం చేయడం. తూటాలు తీసేసి, బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) బయటికి తీసి, చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసుకోండి. బోర్ గైడ్ (రాడ్డును బ్యారెల్ నడిమధ్యన నడిపే గొట్టం) పెట్టి, శుభ్రం చేసే రాడ్డును చాంబర్ వైపు నుంచే తోయండి. మూతి వైపు నుంచి తోస్తే క్రౌన్, అంటే తూటా బ్యారెల్‌ను వదిలే చివరి అంచు, దెబ్బతింటుంది. అక్కడ చిన్న నొక్కున్నా గ్యాస్ ఒక పక్క ముందుగా తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. దూదిపుల్లను ఆ అంచు చుట్టూ మెల్లగా తిప్పి చూడండి. పోగు చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. క్రౌన్ మళ్లీ కోయించుకుంటే సరిపోతుంది, బ్యారెల్ మార్చనక్కర్లేదు.

తర్వాత స్క్రూలు, సైట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. రైఫిల్‌ను రెస్ట్ (కదలకుండా ఆనించే స్టాండు) మీద పెట్టి, రెండు మూడు లాట్ల, అంటే వేర్వేరు విడతల్లో తయారైన, తూటాలతో పదేసి షాట్ల గ్రూపులు కొట్టండి. ఒక్క గ్రూపు చెడితే టెన్షన్ పడొద్దు. వేర్వేరు రోజుల్లో, అన్ని లాట్లతోనూ గ్రూపు పెద్దదవుతూ పోతేనే బ్యారెల్‌ను అనుమానించాలి.

అప్పుడు బోర్‌స్కోప్‌తో (బ్యారెల్‌లోకి దూర్చి చూసే సన్నని పరికరం) లోపల చూడండి. సెంటర్‌ఫైర్ రైఫిళ్లలో (తూటా అడుగున మధ్యలో పిన్ను కొట్టేవి) ముందు పాడయ్యేది చాంబర్ దాటగానే వచ్చే థ్రోట్. మండే గ్యాస్ వేడికి అక్కడి ఉక్కు ఎండిన చెరువులా నెర్రెలు బారుతుంది. నెర్రెలు కనబడగానే బ్యారెల్ అయిపోయిందనుకోకండి, టార్గెట్ చెప్పేదే అసలు తీర్పు. పోటీ స్థాయి కచ్చితత్వం .308 సెంటర్‌ఫైర్ తూటా రైఫిల్‌లో సుమారు 5,000 షాట్ల దాకా, 6.5 క్రీడ్‌మోర్ అనే మరో సెంటర్‌ఫైర్ తూటా రైఫిల్‌లో రెండు మూడు వేల దాకా ఉంటుందని లెక్క. బ్యారెల్ కాలిపోతున్నా ఆపకుండా కాలిస్తే అంతకన్నా ముందే పోతుంది. 50 మీటర్ల పోటీల్లో వాడే చిన్న తూటా .22 బ్యారెల్ మాత్రం పదుల వేల షాట్లు తట్టుకుంటుంది.

మన చెన్నైలో .22కి నా దృష్టిలో అరుగుదల కంటే తుప్పే పెద్ద శత్రువు. ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. రైఫిల్‌ను ఫోమ్ కేసులో నెలల తరబడి వదిలేయకండి. పలచగా నూనె పట్టించి దాచి, కాల్చే ముందు పొడి ప్యాచ్‌తో (చిన్న గుడ్డ ముక్క) తుడవండి.

ఇక ప్లానింగ్. మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కులో షాట్లు, లాటు, గ్రూపు సైజు రాసుకోండి. అనుకున్న ఆయుష్షులో మూడింట రెండొంతులు దాటగానే కొత్త బ్యారెల్ కోసం వాకబు మొదలుపెట్టండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగాలు కూడా తుపాకీ కిందికే వస్తాయి. కాబట్టి కొనడం, బిగించడం లైసెన్సున్న డీలర్ దగ్గరే, మీ లైసెన్సు కాగితాలతోనే జరగాలి. దీనికి టైము పడుతుంది. పోటీకి వారం ముందు మార్చే పని అస్సలు పెట్టుకోవద్దు, కొత్త బ్యారెల్‌కి ఏ లాటు నప్పుతుందో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. పాత బ్యారెల్‌ను పాత ఇనుప సామాను వాళ్లకు వేయకండి. దాన్ని ఏం చేయాలో, ఏ కాగితం రాయాలో కొత్తది బిగించిన రోజే డీలర్‌ను అడిగి తేల్చుకోండి.