ఠాణాకి తీసుకెళ్ళినప్పుడు - నాలుగో పాఠం: ఎక్కడ సంతకం పెట్టాలి, ఎక్కడ ఆగాలి

పోలీసులు ఎవరినైనా ఠాణాకి తీసుకెళ్తే, చూసినవాళ్ళు ఏం రాసుకోవాలన్నది ఒడిశాలో ఉంటున్న తెలుగువాళ్ళకి నేర్పుతున్నాను. పోయినసారి అభ్యాసంగా అలాంటి నోటు రాయమంటే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి వచ్చినవన్నీ చదివాను. దాదాపు అందరూ ఒకే చోట తడబడ్డారు. "రాత్రి పోలీసులు వచ్చి కుర్రాణ్ణి ఈడ్చుకెళ్ళి చావగొట్టారు" అని ఒక్క వాక్యంలో రాసేశారు. ఈడ్చుకెళ్ళడం మీరు చూశారు. కొట్టడం మర్నాడు ఎవరో చెబితే విన్నారు. రెండూ కలిపేస్తే అవతలి వకీలు "మీరు ఠాణా లోపల ఉన్నారా?" అని అడుగుతాడు. లేమంటే, కళ్ళారా చూసిన సంగతి కూడా కొట్టుకుపోతుంది. అందుకని సీసీటీవీ గురించి అనుకున్న పాఠాన్ని కాస్త వెనక్కి జరిపి ఇదే మళ్ళీ చెబుతున్నాను.

పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు చూసింది, కుడివైపు విన్నది. విన్నదాని పక్కన ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఉండాలి. "రాత్రి" అంటే సరిపోదు. ఫోన్‌లో కాల్ లిస్టు తెరవండి. "9:40కి వాళ్ళ పిన్నికి ఫోన్ చేశాను, అప్పటికి జీపు వీధి మలుపు తిరిగింది" అని రాస్తే ఆ టైమును ఎవరూ కదపలేరు. దెబ్బల గురించి రాసేటప్పుడు "ఒళ్ళు హూనం చేశారు" అనకండి. "ఎడమ మోచేతి కింద అరచేయంత మేర నల్లగా కమిలింది, రెండు అరికాళ్ళూ వాచాయి, గోడ పట్టుకుని నిలబడ్డాడు" అని రాయండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన టైము వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

టైము గురించి నేనింత పట్టుబట్టడానికి కారణముంది. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం తీసేస్తే, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. మంగళవారం రాత్రి తీసుకెళ్ళి బుధవారం సాయంత్రం అరెస్టు చేసినట్టు కాగితం రాస్తే, మధ్యలో గడిచిన గంటలు లెక్కలోకే రావు. దెబ్బలు పడేది ఎక్కువగా ఆ గంటల్లోనే. ఆ గంటలకు సాక్ష్యం మీ నోటొక్కటే.

ఒడిశాలోనే జరిగిన కేసు చూడండి. 1987 డిసెంబరు 1న సుందర్‌గఢ్ జిల్లా జరైకేలా పోలీసు అవుట్‌పోస్టుకి 22 ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకెళ్ళారు. ఇంటివాళ్ళు రాత్రి అక్కడికే అన్నం తీసుకెళ్ళి పెట్టారు. మర్నాడు రైలు పట్టాల మీద శవం దొరికింది. తాడు కొరుక్కుని పారిపోయాడని, రైలు గుద్దిందని పోలీసులు చెప్పారు. ఆ రాత్రి అతను కస్టడీలోనే ఉన్నాడని చూసి చెప్పగలిగిన మనుషులున్నారు. శవం మీదున్నవి లాఠీ లాంటి దానితో కొట్టిన గాయాలని డాక్టరు సాక్ష్యమూ ఉంది. తల్లి నీలావతి బెహెరా 1988లో సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా, అంటే హక్కుల కోసం నేరుగా కోర్టుకు పెట్టుకునే దరఖాస్తుగా, తీసుకున్నారు. 1993లో లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించారు. అన్నం ఎన్నింటికి తీసుకెళ్ళారన్నది మామూలు రోజుల్లో ఎవరూ రాసుకోరు. ఇలాంటి రోజున రాసుకోవాలి.

లాయర్‌ని పట్టుకోవడం, ఉచిత న్యాయసాయం కోసం 15100కి ఫోన్ చేయడం ఇదివరకే అయ్యాయి, మళ్ళీ చెప్పను.

ఇక ఒడియా కాగితం. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. తెలుగు తప్ప చదవడం రాని పెద్దాయన్ని ఠాణాకో ఆసుపత్రికో పిలిచి, "ఏం లేదు బాబూ, ఫార్మాలిటీ, ఇక్కడో సంతకం" అంటారు. ఆయన పెట్టేస్తాడు. నెల తర్వాత చూస్తే "ఒంటి మీద గాయాలు లేవు, మాకెవరి మీదా అనుమానం లేదు" అని ఉంటుంది, కింద ఆయన సంతకం ఉంటుంది. అన్ని కాగితాలూ ఒకటి కాదు, విడివిడిగా తెలుసుకోండి.

అరెస్టు మెమో, అంటే అరెస్టు చేసిన తేదీ, టైము పోలీసులు రాసే కాగితం అయితే భయపడి తప్పించుకోకండి. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె.బసు తీర్పు ప్రకారం దాని మీద ఇంటి మనిషో, ఆ ప్రాంతంలో గౌరవంగల మనిషో సాక్షిగా సంతకం చేయాలి. తేదీ, టైము నిజమైనవో కాదో చదివించుకుని పెట్టండి. తేడా ఉంటే మీకు తెలిసిన టైము పక్కనే రాసి పెట్టండి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద మీ సంతకం అడగనే కూడదు, చట్టమే వద్దంటోంది. శవపంచనామా, అంటే శవాన్ని చూసి గాయాలవీ పోలీసులు రాసే కాగితం సంగతి చాలామందికి తెలియదు: అందులో రాసినదానితో ఏకీభవించినవాళ్ళే సంతకం చేయాలని చట్టంలో ఉంది. ఒప్పుకోకపోతే పెట్టనక్కర్లేదు. గాయం కనబడుతోంది, కాగితంలో లేదు, అప్పుడు పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద ఎవరడిగినా పెట్టొద్దు, అడిగినవాడు మీ సర్పంచైనా సరే. తప్పనిసరి పరిస్థితి వస్తే సంతకం పైన తెలుగులో మీ చేత్తోనే రాయండి: "ఒడియా చదవలేను. నాకు చదివి వినిపించలేదు." తర్వాత ఆ కాగితం మీ మాటగా చలామణీ కాకుండా అది అడ్డుపడుతుంది.

కస్టడీలో మనిషి పోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరపాలి. వీలైనంతవరకు బంధువులకు కబురు చేసి విచారణలో ఉండనివ్వాలి. పోస్టుమార్టం వీడియో తీయమని జాతీయ మానవ హక్కుల కమిషన్ చెప్పి ఏళ్ళయింది, గట్టిగా అడగండి. కమిషన్‌కి ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. నేనైతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచమంటాను, ఈ-మెయిల్ ఆ తర్వాతే. ఠాణాల సీసీటీవీ రికార్డు 18 నెలలు దాచాలని, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని భద్రపరచమని మొదటి రోజే ఎస్పీకి రాసివ్వండి. దరఖాస్తు నమూనా వచ్చే పాఠంలో ఇస్తాను.

ఠాణా ముందు బైఠాయించడం వద్దని నేను చెప్పను. వీధంతా కదలకపోతే చాలా కేసులు మొదటి రోజే మూతపడతాయి. కానీ ఇద్దరు ధర్నాకి రాకుండా ఆగి, చూసినవాళ్ళ దగ్గర కూర్చుని రాయాలి. ఒక్క రాయి పడితే కేసు వీధి మీదకి తిరుగుతుంది. అప్పుడు చనిపోయిన మనిషి గురించి అడిగేవాళ్ళే ఉండరు.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. నిన్న మీ వీధిలో జరిగిన ఏదో చిన్న తగాదా తీసుకోండి. దాన్ని చూసిన ముగ్గురితో విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా నోటు రాయించండి. టైములు ఎక్కడ కలవలేదో గుర్తించి, ఎవరి టైముకి ఆధారం ఉందో తేల్చండి. ముగ్గురివీ సరిపోయేలా మాత్రం దిద్దకండి, తేడాలు అలాగే ఉండనివ్వండి. తర్వాత, ఒడియా బాగా చదవగలిగి, అర్ధరాత్రి పిలిచినా ఠాణాకి వచ్చే ఇద్దరి పేర్లు, నంబర్లు రాసుకోండి. వాళ్ళని అడిగి, సరేనన్నాకే రాసుకోండి.